జాన కొలత యుద్ధనౌక

పోయిన వారం నెల్లూరు నుంచి మా బావ నా ఫోనుకి ఒక ఫొటో పంపినాడు. ఆయన ఇంటి హాల్లో గోడ పొడుగునా కొత్తగా కట్టించిన అద్దాల బీరువా, అర అరకీ సన్నటి దీపాలు, ఆ దీపాల కింద బూడిదరంగు యుద్ధనౌకలు వరసగా నిలబడి ఉన్నాయి, రేపు పొద్దున్నే ఏదో దేశం మీదికి బయల్దేరబోతున్నట్టు. ఫొటోని వేళ్ళతో లాగి పెద్దది చేసి చూసినాను. ఫిరంగులు, నిచ్చెనలు, గొలుసు కట్టిన లంగరు, కమ్మీ పట్టుకుని నిలబడిన బియ్యపు గింజంత నావికులు. ఎక్కడైనా జిగురు కారిందేమో, రంగు గీత దాటిందేమో అని పావుగంట వెతికినాను. ఏమీ దొరకలేదు. ఆ మధ్యాహ్నం నాకు చేపల పులుసు కూడా సయించలేదంటే, మీలో ఇట్లాంటి బావ ఉన్నవాళ్ళు అర్థం చేసుకుంటారు.

బీరువాలో కింది అర ఒకటి ఖాళీగా ఉంది. దాని సంగతి చెప్పడానికే తర్వాత ఫోను చేసినాడు. అది నీ ఓడకి అట్టిపెట్టినాను బామ్మర్దీ, దాని పొడుగెంతో చెబితే అద్దం కోయిస్తాను అన్నాడు. చూసి చెప్తానని పెట్టేసినాను. నా ఓడ అంటే నేను చిన్నప్పుడు అయిదేళ్ళు కూర్చుని చెక్కింది, మా పాత షెడ్డులో దూలం మీద ఇప్పటికీ ఉంది. ఆయన ఓడల మధ్య అది ఎట్లా ఉంటుందో నాకు తెలుసు, పెళ్ళి ఫొటోలో సూట్ల మధ్య లుంగీతో దొరికిపోయిన మేనమామ మాదిరి ఉంటుంది. ప్రేమకి అడిగినాడో, నలుగురికీ చూపించి నవ్వుకోడానికి అడిగినాడో తేలక, వారం రోజులుగా పాత సంగతులు తవ్వుకుంటూ కూర్చున్నాను.

మాది బోగోలు దగ్గర సముద్రపు ఒడ్డు. మా నాన్న చెక్క పడవలు చేసే వడ్రంగి. ప్రభువు చేసిన వడ్రంగమే నాదీ అని ఆదివారం ప్రార్థన అయినాక మీసం తిప్పుకునేవాడు గానీ, ఆ ప్రభువుకున్న ఓర్పు మాత్రం ఆయనకి లేదు. ఏడో తరగతిలో లెక్కలూ నేనూ ఒకరినొకరం ఒద్దనుకున్నాక, నన్ను తీసుకొచ్చి షెడ్డులో ఉలి చేతికిచ్చినాడు. ఆయన దగ్గర టేపు లేదు. జాన, బెత్తెడు, వేలు, ఇవే కొలతలు. బొటనవేలూ చిటికెన వేలూ చాపి పలక మీద చేతిని దొర్లించుకుంటూ పోతే, ముప్పై అడుగుల పడవకి ఈ పక్కకీ ఆ పక్కకీ వెంట్రుకంత తేడా వచ్చేది కాదు. ఇంకో సంగతి, ఎంత మంచి పని చేసినా ఎవరినీ బాగుందని అనేవాడు కాదు. ఊ అనేవాడు. ఆ ఊ కోసం నేను పడ్డ పాట్లు పరీక్షల కోసం పడి ఉంటే ఈపాటికి ఏ హైస్కూల్లోనో లెక్కల అయ్యవారిగా రిటైరై ఉండేవాణ్ణి.

మా బావ అంటే మా మేనత్త కొడుకు, నాకంటే రెండేళ్ళు పెద్ద. కావలిలో చదువుకుంటూ సెలవులకి మా ఇంటికి వచ్చేవాడు, చంకలో జామెట్రీ పెట్టెతో. ఆ పెట్టెలో వృత్తలేఖిని మెరుస్తుంటే నా ఉలిని పంచెలో దాచుకునేవాణ్ణి. ఆ ఏడు కావలిలో ఇనుప సామాన్ల కొట్టువాళ్ళు ఇచ్చిన క్యాలెండరు ఒకటి మా షెడ్డులో వేలాడేది, దాని మీద పెద్ద యుద్ధనౌక బొమ్మ. ఇద్దరం ఒకేసారి దాని మీద కన్నేసినాము. ఆయన బొమ్మ మీద సన్నగా గళ్ళు గీసి, ఒక్కో గడినీ కాగితం మీద లెక్క ప్రకారం పెంచి, అట్టా పలచటి చెక్కా కలిపి రెండు వేసవి సెలవుల్లో ఓడ లేపేసినాడు. మా నాన్న దాన్ని చేతుల్లోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, కన్ను మూసి వాలు చూసి, కొలత తప్పలేదు అల్లుడూ అన్నాడు. నేను రెండేళ్ళుగా ఉలి పట్టి వంచిన నడుము నాకు అప్పుడే నొప్పెట్టింది. మూడు మాటలు. నాకు ఊ కూడా రాని చోట ఆయనకి మూడు మాటలు.

నా ఓడ పద్ధతి వేరు. షెడ్డులో మిగిలిన చెక్క తుండు ఎప్పుడు దొరికితే అప్పుడు ఒక ముక్క. ముక్కకి జాన పొడుగు, బెత్తెడు వెడల్పు, ఇదీ నా లెక్క, మా నాన్న లెక్కే. అట్లాంటివి అయిదు ముక్కలు చెక్కి, చెక్క మేకులతో ఒకదానికొకటి బిగిస్తే ఓడ. ముక్కు భాగం మొదలెట్టినప్పుడు నాకు పన్నెండేళ్ళు. పడవ పని తీరిక ఇచ్చినప్పుడే నా పని, కాబట్టి ఏడాదికొక ముక్క కావడమే గొప్ప. అయిపోయిన రీఫిళ్ళు ఫిరంగులయినాయి, అమ్మ పౌడరు డబ్బా మూత ఫిరంగి తిరిగే బురుజు అయింది, సైకిలు చువ్వ స్తంభమైంది, చెల్లెలి రిబ్బను చివర కత్తిరించి జెండా కడితే అది రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తోక ముక్క బిగించి, నున్నగా రుద్ది, రంగేసేసరికి నాకు పదిహేడు నిండినాయి. ఏదో ఎక్కడో తేడాగా ఉందని తెలుస్తానే ఉంది గానీ, ఎంత చూసినా తప్పు దొరకలేదు. ప్రతి ముక్కా జానే, ప్రతి ముక్కా బెత్తెడే. చూసినవాళ్ళు మాత్రం ముందు చూస్తే ముంగిస, వెనక చూస్తే గేదె అన్నారు.

ఆ సెలవులకి బావ వచ్చి నా ఓడ చుట్టూ ఒకసారి తిరిగి, నవ్వు ఆపుకోడానికి దగ్గినాడు. ఆ దగ్గుతో నాకు ఒళ్ళు మండిపోయింది. యుద్ధనౌక అన్నాక నీళ్ళు చూడాలి గదా బావా, అద్దాల్లో ఉంటే అది పెళ్ళికూతురు అవుతుంది గానీ నౌక ఎట్లా అవుతుంది అని రెచ్చగొట్టినాను. ఇక్కడ నిజం చెప్పుకోవాలి. నేను పడవల వడ్రంగి కొడుకుని. పైన అంత అట్టా, అన్ని స్తంభాలూ ఉండి అడుగున బరువు లేని ఓడ నీళ్ళలో ఎంతసేపు నిలబడుతుందో నాకు తెలుసు. తెలిసే అన్నాను.

ఆదివారం ప్రార్థన నుంచి వచ్చి రెండు ఓడలూ కాలవ దగ్గరికి మోసుకుపోయినాము. మా నాన్న ఉతికిన పంచెతో గట్టు మీద నిలబడి చూస్తున్నాడు. బావ తన ఓడని పసిబిడ్డని తొట్లో వేసినట్టు నీళ్ళ మీద ఒదిలినాడు. అది ఒక్క క్షణం ఠీవిగా నిలబడి, తర్వాత ఒళ్ళు తూలి, స్తంభాలు కిందికీ అడుగు పైకీ చేసుకుని తిరగబడింది. నాది మాత్రం గేదె నడుముతో హాయిగా తేలి, గాలి తగిలి తిరుగుతా తిరుగుతా అవతలి గట్టుకి పోతా ఉంది. గెలిచినాను అనుకుని మా నాన్న మొహం చూసినాను. ఆయన నా వైపు చూడలేదు. ఉతికిన పంచెతోనే నడుముల్లోతు నీళ్ళలోకి దిగి, తడిసి ముద్దయిన బావ ఓడని రెండు చేతుల్లో ఎత్తుకుని గట్టెక్కినాడు. ఆరబెడితే పనికొస్తుందిలే అల్లుడూ అన్నాడు. నా ఓడని నేనే ఈదుకుంటూ పోయి తెచ్చుకున్నాను. ఆ నీళ్ళలో కొన్ని నావి.

సాయంత్రం షెడ్డులో మా నాన్న నా ఓడని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు తడిమినాడు. తర్వాత నన్ను పిలిచి, నా చేతిని పట్టుకుని తోక ముక్క మీద చాపినాడు. సరిగ్గా జాన. అదే చేతిని ముక్కు ముక్క మీద పెట్టినాడు. చిటికెన వేలు దాటుకుని గాల్లోకి పోయింది. అప్పుడు ఆయన నవ్వడం మొదలుపెట్టి, ఆపలేక, గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

"ఇక్కడ నీకు పన్నెండేళ్ళురా, ఇక్కడ పదిహేడు. ఓడ తప్పు కాదు, చెయ్యి పెరిగింది."

బాగుందన్నాడా, బాగాలేదన్నాడా నాకు అర్థం కాలేదు. మర్నాడు మా నాన్న బావ ఓడని ఆరబెట్టి, విరిగిన స్తంభాలు తానే అతికించి, ఇంట్లో అద్దాల బీరువాలో బైబిలు పక్కన పెట్టినాడు. నాదాన్ని షెడ్డులో దూలం ఎక్కించినాడు. పడవ బేరానికి వచ్చిన ప్రతివాడికీ దాన్ని చూపించి, మావాడి చెయ్యి ఎట్లా పెరిగిందో చూడండయ్యా అనేవాడు. వాళ్ళు నవ్వేవాళ్ళు, నీ చెయ్యి చూపించరా అబ్బాయా అని నన్ను అడిగేవాళ్ళు. నేనూ నాలుగు జోకులేసి నవ్వేవాణ్ణి. లోపల మాత్రం బీరువా వేరు, దూలం వేరు అని తెలుస్తూనే ఉండేది. తర్వాత మా చెల్లెల్ని కూడా బావకే ఇచ్చినారు. మా ఇంట్లో ఆయన తీసుకుపోనిది ఇంకేదైనా మిగిలిందంటే ఆ వంకర ఓడ ఒక్కటే. ఇప్పుడు అదీ అడిగినాడు.

మొన్న నిచ్చెన వేసుకుని దాన్ని దించినాను. దుమ్ము దులిపి, అలవాటు కొద్దీ జానలు వేసి, బావకి ఫోను చేసి, అయిదు జానల మీద నాలుగు వేళ్ళు అని చెప్పినాను. ఆయన "ఏ ఏటి జాన బామ్మర్దీ?" అన్నాడు. ఇద్దరం నవ్వినాము. ఆ నవ్వులోనే, అప్పట్లో నీ ఓడకి బీరువా, నాదానికి దూలం అని యాభై ఏళ్ళ మాట బయటికి ఊడిపడింది. ఆయన నవ్వు ఆగింది.

"మామ ఇంట్లో ఎంతసేపు ఉండేవాడురా, పొద్దున లేస్తే షెడ్డే గదా. నా ఓడని ఆదివారం చూసేవాడు. నీదాన్ని మిగతా ఆరు రోజులూ చూసేవాడు."

ఈయన కూడా ఇన్నేళ్ళూ రోజులు లెక్కబెట్టుకున్నాడన్నమాట. మా బావ నా మీద కుళ్ళుకున్నాడని తెలిసినాక, ఆ పూట పులుసు రెండోసారి వేయించుకున్నాను.

ఇప్పుడు మా ఒడ్డున చెక్క పడవ చేసేవాళ్ళు లేరు. ఫైబరు పడవలు అచ్చులోంచి దిగుతున్నాయి, పదో పడవకీ వందో పడవకీ రవ్వంత తేడా ఉండదు. బావ ఓడలూ ఇప్పుడు పెట్టెల్లో ముక్కలుగా వస్తాయంట, నంబరు చూసి అతికించడమే. తప్పు చేద్దామన్నా చోటు లేదు. వాటిని చూస్తే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది, అబద్ధం ఎందుకు. కానీ వాటిలో దేన్ని చూసినా, చేసేటప్పుడు ఆయనకి ఎన్నేళ్ళో చెప్పలేము.

వచ్చే ఆదివారం ఓడని ఒళ్ళో పెట్టుకుని నెల్లూరు బస్సెక్కుతాను. గుడ్డ చుట్టే ముందు నిన్న ఇంకొకసారి దాని మీద చెయ్యి చాపి చూసుకున్నాను. నలభై ఏళ్ళు ఉలి పట్టిన వేళ్ళు వంకర్లు పోయినాయి, బొటనవేలు మునుపటిలా విచ్చుకోదు. తోక మీద చాలలేదు. నాలుగో ముక్క మీదా చాలలేదు. మూడో ముక్క మీద సరిగ్గా సరిపోయింది. అక్కడ నాకు పద్నాలుగేళ్ళు, మా నాన్న పక్కనే పలక మీద చెయ్యి దొర్లించుకుంటూ పోతున్నాడు.