మా తోడల్లుడి గొడుగు

మా తోడల్లుడు మనిషికి గొడుగు పట్టగా చూసినవాళ్ళు మా బంధువుల్లో ఇంతవరకూ ఎవరూ లేరు. అతని గొడుగంతా సూక్ష్మజీవులకే. పప్పుజాతి పైర్ల వేళ్ళలో కాపురం పెట్టి, గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు తిండిగా అందించే మంచి బాక్టీరియా ఉంటుందట. దాన్ని నల్లటి పొడిలో కలిపి పొట్లాలు కట్టే ప్రయోగశాలలో అతని ఉద్యోగం. ఎండ తగిలితే ఆ జీవులు చచ్చిపోతాయి. అందుకని పొట్లాల సంచీ ఎటు వెళితే గొడుగు అటు వెళుతుంది. ఆ వెనకే బట్టతల మాడ్చుకుంటూ మా తోడల్లుడు వెళతాడు.

నేను పెద్దల్లుణ్ణి, అతను చిన్నల్లుడు. అతను రాకముందు ఆ ఇంట్లో నా మాటకు తిరుగుండేది కాదు. వచ్చాక మా మామగారి నోట "చిన్నల్లుడు" తప్ప మరో మాట లేదు. నాకు కుళ్ళు. దాచుకోవడం దేనికి, నా మొహం చూసినవాళ్ళందరికీ తెలిసిన సంగతే.

ఒకసారి మామగారిని కంటి ఆసుపత్రికి తీసుకువెళ్ళాం. మిట్టమధ్యాహ్నం, బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డాం. తోడల్లుడి చేతిలో సంచీ, సంచీ మీద గొడుగు.

"కాస్త ఇటు జరుపవయ్యా, మాడు పగిలిపోతోంది," అన్నారు మామగారు.

"మీకు టోపీ ఉందిగా మామయ్యగారూ. వీటికి లేదు."

ఆ మాటే నేనని ఉంటే ఏడాదిపాటు నా మొహం చూసేవారు కాదు. అతనంటే మాత్రం పకపకా నవ్వి, "ఎంత శ్రద్ధో చూశారా!" అని బస్సులో పక్కవాళ్ళకు కూడా చెప్పుకున్నారు. నేను మూతి ముడుచుకుని కూర్చున్నాను. దిగేదాకా ఎవరూ గమనించనేలేదు.

వాళ్ళింట్లో ఫ్రిజ్ కూడా ఆ పొట్లాలదే. పాలగిన్నె బయట, పొట్లాలు లోపల. చల్లటి నీళ్ళ కోసం ఓసారి తలుపు తీసి ధడాలున వేశాను.

"మెల్లిగా అన్నయ్యా! నిద్రలో ఉన్నాయి," అన్నాడు కంగారుగా.

మా మరదలు తల కొట్టుకుని, "నేను జ్వరంతో పడుకున్నప్పుడు టీవీ కూడా తగ్గించలేదు బావగారూ," అంది. ఆవిడ కుళ్ళు చూసి నాకు కాస్త తోడు దొరికినట్టయింది.

మామగారు పొలాన్ని మూడు చెక్కలు చేశారు. ఒకటి నాకు, ఒకటి అతనికి ఇచ్చి, బావి ఉన్న మధ్య చెక్క తనే ఉంచుకున్నారు. మోకాళ్ళు సహకరించక, ఆ ఏడు ఇద్దర్నీ పిలిచారు. "ఇద్దరూ సోయా వెయ్యండి. కాయ పట్టే వేళకు వచ్చి చూస్తాను. ఎవరి పైరు బాగుంటే మధ్య చెక్క వాళ్ళది," అన్నారు.

పోయినసారి నా సోయా నడుం దాకా ఎదిగి, ఆకు తప్ప కాయ ఇవ్వలేదు. అందుకే ఈసారి యూరియా రెట్టింపు వెయ్యాలనుకున్నాను. విత్తే రోజు పొద్దున్నే దాని కోసం వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చాను. వరండాలో నా విత్తనాలు నల్లగా ఉన్నాయి.

"ఇదేమిటే?"

"పురుగు పట్టకుండా బొగ్గుపొడి కలిపాను. మాట్లాడకుండా చీకటి పడేలోపు విత్తండి," అంది మా ఆవిడ నా వైపు చూడకుండా. ఆవిడ చూడకుండా మాట్లాడినప్పుడు ఎదురు ప్రశ్నలు వేసే అలవాటు నాకు లేదు.

పైరు మోకాలెత్తుకు వచ్చింది. రేపు యూరియా చల్లుదామనగా తోడల్లుడు మా గుమ్మం ఎక్కాడు. నేలచూపులు చూస్తూ, "అన్నయ్యా, మీ దగ్గరున్న యూరియా అంతా నాకు సర్దగలరా? నా పైరు తేరుకునేలా లేదు," అన్నాడు.

ఆ క్షణం నేను పొందిన ఆనందం పెళ్ళిలో కూడా పొందలేదు. "ఏం తమ్ముడూ, నీ జీవులు సమ్మె చేశాయా?" అన్నాను. అతను తలొంచుకున్నాడు. బస్తాలన్నీ నేనే స్వయంగా మోసి అతని బండికెత్తాను. నా పైరుకేం మిగిలిందన్న ఆలోచన బండి మలుపు తిరిగాక గానీ రాలేదు. మళ్ళీ కొందామంటే ఏ కొట్లోనూ బస్తా దొరకలేదు.

ఆ తర్వాత రోజూ గట్టు మీద నిలబడి అతని చెక్కనే చూసేవాణ్ణి. అది నిగనిగలాడుతూనే ఉంది. అదంతా నా యూరియా చలవే అని పళ్ళు నూరుకున్నాను.

చూసే రోజు వచ్చింది. మామగారు కర్ర ఊతంతో ముందు నా చెక్కలో దిగారు. కొమ్మకొమ్మకూ గుత్తులుగా కాయ! ఒక మొక్క పీకి చూస్తే వేళ్ళ నిండా బుడిపెలు. గోటితో ఒకటి చిదిపితే లోపల గులాబీ రంగు.

"ఇవెలా వచ్చాయి పెద్దల్లుడూ?"

"నా చేతి చలవ మామయ్యగారూ," అన్నాను ఛాతీ విరిచి. తోడల్లుడు గొడుగు కొసతో మట్టి గీరుతూ నిలబడ్డాడు.

అతని చెక్కా అచ్చం అలాగే ఉంది. మామగారు ఎంత చూసినా తేల్చలేక, "మధ్యది ఇద్దరూ కలిసి చేసుకోండి," అని వెళ్ళిపోయారు.

సగమే దక్కిన ఉక్రోషంతో నా యూరియా లెక్క తేల్చుకుందామని అతని కొట్టంలోకి వెళ్ళాను. నా బస్తాలన్నీ కుట్టు విప్పకుండా వరసగా ఉన్నాయి.

"ఇదేమిటమ్మా?" అని మరదల్ని అడిగాను.

"యూరియా ఎక్కువైతే వేళ్ళలో ఆ జీవులు బుడిపెలు కట్టవట బావగారూ. మీరు చల్లకుండా ఆపడానికి ఆయనకు ఇంకో దారి తోచలేదు," అంది ఆవిడ. "మీ విత్తనాలకు చక్కెర నీళ్ళతో ఆ పొడి పట్టించింది కూడా ఆయనే. మీ వరండాలోకి ఎండ వస్తుందిగా, ఆరేదాకా గొడుగు పట్టుకుని నిలబడ్డారు. అక్కకు అంతా తెలుసు."

నేను తిన్నగా తోడల్లుడి దగ్గరికి వెళ్ళాను. అతన్నే అడిగాను: "ఎందుకయ్యా? ఊరుకుంటే చెక్కంతా నీకే వచ్చేది."

"వస్తే మీరు నాతో మాట్లాడరు కదన్నయ్యా. ఇప్పుడే అంతంత మాత్రం," అన్నాడు.

చూశారా! మంచితనంలోనూ నన్ను దాటిపోయాడు. ఆ కుళ్ళు నాకు ఇప్పటికీ పోలేదు.

మధ్య చెక్కలో విత్తే రోజు నేనూ ఒక గొడుగు తీసుకెళ్ళాను. అతను ఎప్పటిలాగే విత్తనాల బస్తాకు గొడుగు పట్టి, ఎండలో చెమటలు కక్కుతున్నాడు. నేను ఎటో చూస్తున్నట్టు నటిస్తూ నా గొడుగు అతని బట్టతల మీద పట్టాను.

అతను పైకి చూశాడు. కళ్ళు చెమర్చినట్టే అనిపించింది.

"అన్నయ్యా..."

"ఊఁ, చెప్పు."

"కాస్త ఎడమవైపుకు జరపండి. బస్తా మూలకు ఎండ తగులుతోంది."

జరిపాను. ఇప్పుడు బస్తాకు రెండు గొడుగులు. మేమిద్దరం ఎండలో.