లచ్చవ్వ గుమ్మడి పాదు

మా పెగడపల్లిలో లచ్చవ్వను పిసినారి అనని ఇల్లు లేదు. అందులో మాదే మొదటి ఇల్లు. పక్కింటివాళ్లం కదా, అన్నీ మా కళ్లబడేవి.

ఆమె బోళ్లు తోమిన నీళ్లు బజార్లో పడేవి కావు, అరటి మొదట్లో పడేవి. చిరిగిన చీరలు పేని బీరపందిరికి తాళ్లు కట్టేది. ఎండాకాలం దోస ఒరుగులు ఎండబెట్టి, విత్తనాలను బూడిదలో కలిపి కుండలో దాచేది. మృగశిర కార్తె రాగానే కుండ మూత తీసేది. చలికాలానికి చిక్కుడు ఇంటిమీదికి ఎక్కేది. పురుగు పడితే మందుల దుకాణం దాకా పోకుండా పొయ్యిలో బూడిదే చల్లేది. ఇంతా చేసి ఆమెకున్నది రెండు గుంటల పెరడు. సెంటు పొలం లేని మనిషికి అదే పొలం.

2011 వానాకాలంలో ఆ పెరటికే ఎసరు వచ్చింది. మస్కట్‌లో ఉన్న ఆమె భర్త రాజనర్సు ఫోన్ చేసి, దీపావళికల్లా పెరడంతా సిమెంటు గచ్చు చేయిస్తానన్నాడు. గల్ఫ్ వెళ్లినవాళ్ల ఇళ్లన్నిటికీ గచ్చులుంటే తన ఇంటికే బురద ఎందుకని ఆయన బాధ. ఆయన అన్న మొండయ్య దానికి వంత పాడాడు.

"ఎంతసేపు గా మట్టిల పడి ఉంటవు లచ్చవ్వా? నలుగురు నవ్వుతుండ్రు" అన్నాడు.

ఆ నలుగురిలో నేనూ ఉన్నాను. ఆ రోజు ఆమె అన్నం ముట్టలేదు.

సెప్టెంబరులో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి. బడిపంతులమ్మనైన నేను పొద్దున ధర్నాకు పోయి, సాయంత్రం వాడలోని ఆడపిల్లలతో కలిసి పూలు తెంపేదాన్ని. బొడ్డెమ్మ మొదలు సద్దుల బతుకమ్మ దాకా ఏ ఇంటి గుమ్మడి పాదునూ వదల్లేదు. లచ్చవ్వ మాత్రం పెరటి తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్క పిల్లకూ చూపించేది.

"కింద పిందె ఉన్న పువ్వు ముట్టద్దు బిడ్డా. ఉత్త కాడ పువ్వులు ఎన్నన్న తెంపుకో."

"పువ్వుల కాడ గూడ గింత పీనాసితనమా!" అన్నాను నేను. ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అనుకుని, మా పాదును ఆడా మగా చూడకుండా దులిపేశాను.

సమ్మె ఐదో వారంలో జగిత్యాల రోడ్డు మీద వంటావార్పు పెట్టుకున్నాం. పెద్దమనిషి మొండయ్యే. మూడూళ్లవాళ్లను పిలిచాడు. బియ్యం వచ్చాయి, పొయ్యిలు వెలిగాయి. జగిత్యాల నుంచి రావలసిన కూరగాయల బండి రాలేదు. మా పాదులన్నీ తిరగేసి చూశాం. ఆకులు తప్ప ఏమీ లేవు. పువ్వులన్నీ బతుకమ్మలతో పాటు ఎప్పుడో చెరువులో కలిసిపోయాయి.

మొండయ్య తల వంచుకుని లచ్చవ్వ వాకిట్లోకి వెళ్లాడు. ఆయన అడగకముందే ఆమె కత్తి తీసుకుని, గుమ్మడి పాదు పాకిన ఇంటి కప్పు ఎక్కింది. పదకొండు గుమ్మడికాయలు, బుట్టెడు బీరకాయలు, సొరకాయలు తోపుడు బండి మీద పెట్టి, తానే తోసుకుంటూ రోడ్డు మీదికి వచ్చింది. జనం ఈలలు వేశారు. నాకు సిగ్గేసింది, సంతోషమూ కలిగింది. ముందుకెళ్లి బండికి ఒక చెయ్యి పట్టాను.

మూడూళ్లు తారు రోడ్డు మీద బంతి కూర్చుని గుమ్మడికాయ పులుసు తిన్నాయి. మొండయ్య మూడోసారి పులుసు వేయించుకుంటుండగా ఆయన ఫోన్ మోగింది. రాజనర్సు. గచ్చు మేస్త్రీతో మాట్లాడావా అని అడుగుతున్నాడు.

మొండయ్య ముద్ద మింగి గొంతు సవరించుకున్నాడు.

"గచ్చు మాట ఇంక ఎత్తకు తమ్మీ. నీ పెరడే ఇయ్యాల మూడూళ్ల పరువు నిలవెట్టింది. గా పెరట్ల తట్టెడు సిమెంటు పడ్డా నేను ఊకోను."

వడ్డిస్తున్న లచ్చవ్వ గరిటె ఆపింది. ఏనాడూ బావ ముందు గొంతెత్తని మనిషి, ఆ రోజు ఎత్తింది.

"స్పీకర్ పెట్టి ఇంకోపారి చెప్పుండ్రి బావా. గాయినకు మంచిగ ఇనవడాలె."

మొండయ్య స్పీకర్ పెట్టి, మళ్లీ చెప్పాడు.