ఆరున్నొకటో నంబరు పెట్టె

మా ఇంట్లో ఏడు అనే అంకె లేదు. కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు మా నాన్న లాభం, రెండు, మూడు అని మొదలుపెట్టి, ఆరు తర్వాత ఆరున్నొకటి అనేవారు. ఆపైన ఎనిమిది. ఏడు అంటే ఏడుపు, గింజల దగ్గర ఏడుపు మాటేమిటని ఆయన వాదన. నేను డిప్లొమా చదివి వచ్చినా నోటికి ఆ అలవాటు పోలేదు. నా నోటి దురుసు ఊరందరికీ తెలుసు గానీ, ఈ నోటి మడి సంగతి తెలిసినవాళ్ళు తక్కువ.

ఎనభైల చివర్లో నర్సీపట్నం నుంచి రోజూ బస్సెక్కి ఒక పంచదార మిల్లుకి వెళ్ళేదాన్ని. మీటర్ల సెక్షన్లో ప్రొబేషన్ మీద ఉన్నాను. నాతో పనిచేసే ఎలక్ట్రీషియన్ని అందరూ మేస్త్రీగారు అనేవారు. పదకొండేళ్ళుగా సీజను మనిషి. చెరకు ఆడుతున్నన్నాళ్ళు మిల్లులో పని, ఆగిపోతే జీడితోటల్లో కూలి. ఆ సంవత్సరం ఆయన్ని పర్మనెంటు చేస్తామన్నారు. కాకపోతే ఒక మెలిక. కొత్త పరికరాలు బిగించడానికి హైదరాబాదు నుంచి వచ్చిన ఇంజనీరు, ఈయన పని బాగుందని కాగితం రాసివ్వాలి.

కొత్త పరికరాలంటే తొమ్మిది రేకు పెట్టెలు. బాయిలరు దగ్గరొకటి, రసం కాగే చోట ఒకటి, అలా మిల్లంతా పెట్టారు. అక్కడి వేడీ, నీటి మట్టమూ కంట్రోల్ రూములోని కంప్యూటరుకి పంపడం వాటి పని. అన్నిటికీ కలిపి తీగ ఒకటే, అందుకని ప్రతి పెట్టెకీ ఒక నంబరుండాలి. బళ్ళో హాజరు పిలిచినట్టు కంప్యూటరు నంబరు పిలుస్తుంది, ఆ నంబరున్న పెట్టె ఒక్కటే పలకాలి. నంబరు పెట్టడానికి పెట్టె లోపల వరసగా ఎనిమిది బుల్లి స్విచ్చులుంటాయి. మొదటిదాని విలువ ఒకటి, రెండోదానిది రెండు, మూడోదానిది నాలుగు, నాలుగోదానిది ఎనిమిది, అలా రెట్టింపవుతూ పోతుంది. పైకెత్తిన స్విచ్చుల విలువలు కూడితే ఆ పెట్టె నంబరు.

మేస్త్రీగారు ఈ లెక్కేమిటని అడిగారు. "లెక్కలు నీకెందుకయ్యా? ఆవిడ ఏ స్విచ్చులు చెబితే అవి ఎత్తు, చాలు" అన్నాడు ఇంజనీరు. నాకు ఒళ్ళు మండింది. ప్రొబేషన్లో ఉన్నవాళ్ళ ఒళ్ళు లోపల్లోపలే మండాలి కాబట్టి ఊరుకున్నాను.

నేను కంట్రోల్ రూములో కాగితం పట్టుకుని కూర్చున్నాను. ఆయన ఒక్కో పెట్టె దగ్గరికీ వెళ్ళి అక్కడి ఇంటర్‌కమ్ ఫోనులో మాట్లాడేవారు. అయిదో పెట్టెకి "ఒకటి, మూడు" అన్నాను. "ఎత్తీసానమ్మా" అన్నారు. ఆరోదానికి "రెండు, మూడు" అన్నాను. "ఎత్తీసానమ్మా." తర్వాతది బాయిలరు పక్కన, చెవులు గింగుర్లెత్తే మోత.

"ఇదెన్నోదమ్మా?" అని అరిచారు.

"ఆరున్నొకటి" అన్నాను. ఇంతలో ఇంజనీరు ఏదో అడిగితే అటు తిరిగి జవాబు చెప్పాను. మళ్ళీ ఫోను చెవిన పెట్టుకునేసరికి "ఎత్తీసానమ్మా, మూత కూడా ఎట్టీసాను" అన్నారు. స్విచ్చులు చెప్పేశాననే అనుకున్నాను.

పరీక్షకి కంప్యూటరు వరసగా పిలిచింది. ఎనిమిది పెట్టెలు పలికాయి. ఏడోది పలకలేదు. ముగ్గురం బాయిలరు దగ్గరికి వెళ్ళి మూత తీశాం. ఒకటో స్విచ్చూ, ముప్ఫైరెండు విలువున్న ఆరో స్విచ్చూ పైకి లేచి ఉన్నాయి.

"ముప్ఫైమూడా! ఉన్నవే తొమ్మిది పెట్టెలయితే దీనికి ముప్ఫైమూడు పెడతావా?" అన్నాడు ఇంజనీరు.

నాకప్పుడు వెలిగింది. ఆరూ, ఒకటీ. ఇంకెక్కడైనా ఆ మాట అంటే మేస్త్రీగారికీ ఏడనే అర్థమయ్యేది. పొద్దుట్నుంచీ స్విచ్చుల నంబర్లే వింటున్న చెవికి అలా వినపడింది. ఆయన నా వంక ఒక్కసారి చూశారు. ఆయనకీ అర్థమైపోయింది.

"సెయ్యి జారిపోనాదండి. తప్పు నాదే" అన్నారు ఇంజనీరుతో.

"ఇలాంటివాడికా పర్మనెంటు? ఇదే రాస్తాను కాగితంలో."

ఊరందరితో పోట్లాడే నా నోరు అప్పుడు పెగల్లేదు. ఉద్యోగం పోతుందని భయపడ్డాను, అంతే. సాయంత్రం బస్సులో కూర్చుని, నీదీ ఒక నోరేనా అని నన్ను నేను తిట్టుకున్నాను.

మర్నాడు తిన్నగా చీఫ్ ఇంజనీరు గారి గదికి వెళ్ళాను. హైదరాబాదాయన కూడా అక్కడే ఉన్నాడు. స్విచ్చులు చెప్పాల్సింది పోయి పెట్టె నంబరు చెప్పాననీ, అదైనా సరిగ్గా ఏడు అనలేదనీ మొత్తం చెప్పేశాను.

"ఏడు అనడానికి ఏమొచ్చిందమ్మా?" అన్నారు చీఫ్ ఇంజనీరు గారు.

"ఏడుపొస్తుందటండీ."

ఆయన పకపకా నవ్వి, నవ్వుతూనే నా ప్రొబేషన్ ఇంకో ఆర్నెల్లు పొడిగించారు. నేను ఇంజనీరు వైపు తిరిగి, "మీరు ఆయనకి లెక్క చెప్పి ఉంటే, ముప్ఫైమూడేమిటని ఆయనే అడిగేవారు" అని కూడా అనేశాను. ఎలాగూ ఆర్నెల్లు పడ్డాయి, ఇంక దాచుకోవడమెందుకు?

బయట మేస్త్రీగారు నా మీద విరుచుకుపడ్డారు. "మీకేటి పిచ్చా అమ్మా? పదకొండు సీజన్లు ఇంటికెళ్ళినోణ్ణి, ఇంకోపాలి ఎళ్తే ఏటవుద్ది? ఎవులడిగారు మిమ్మల్ని సెప్పమని?"

"మీ త్యాగం మీ దగ్గరే ఉంచుకోండి. పదండి, ఆ పెట్టె సంగతి చూద్దాం" అని కసిరాను.

పెట్టె మూత తీసి, ఒకదానికొకటి రెట్టింపయ్యే ధాన్యం కొలతల్లో లెక్క చెప్పాను. "మొదటిది సోల అనుకోండి. రెండోది తవ్వ, మూడోది మానిక, నాలుగోది అడ్డ, అయిదోది కుంచం."

ఆయన స్విచ్చుల వంక చూసి, నా వంక చూసి, "ఓలమ్మ! కొలతలేటి? ఈ ముక్క ఆ బాబు ముందే సెప్తే సరిపోను గదా!" అన్నారు. "సోల, తవ్వ, మానిక" అంటూ మూడు స్విచ్చులూ వేలితో ఎత్తారు. "మొత్తం ఆరున్నొక్క సోలలు." ఆయన నోటా ఆ అంకె రాలేదు. కంట్రోల్ రూములో పెట్టె పలికింది.

ఇంజనీరు సణుక్కుంటూనే మంచి కాగితం రాసి వెళ్ళాడు. చెరకు ఆడటం మొదలైంది. పర్మనెంటు ఆర్డరు ఇదిగో అదిగో అంటూ వారాలు గడిపారు. ఆయన అడగరు, నాకు అడగడానికి మొహం చెల్లదు.

ఒక మధ్యాహ్నం ఇంటర్‌కమ్ మోగింది.

"అమ్మా, ఏడు" అన్నారు మేస్త్రీగారు.

కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. "ఏమైంది ఆ పెట్టెకి?"

"పెట్టెకేటి అవలేదమ్మా. ఆర్డరొచ్చింది. అందుకే ఏడనీసి సూస్తన్నాను. ఏడుపు రాలేదు."

ఫోనుకి ఇటువైపు నాకొచ్చింది. పైటకొంగుతో మొహం తుడుచుకుని, "సరే, ఎనిమిదోది చూడండి, బేగి" అన్నాను.