పేరు పక్కన ఖాళీ

మా వైపు పెళ్లికార్డులో పేరొక్కటే వేస్తే ఊరుకోరు. పక్కన చదువు ఉండాలి. డిగ్రీ ఎప్పుడో చదివి మరిచిపోయినవాళ్లు కూడా ఆ రోజుకి దాన్ని దుమ్ము దులిపి బయటికి తీస్తారు. మా అమ్మాయి పెళ్లికి ఆ జాగా దగ్గరే చిక్కొచ్చిపడింది.

ఇంటర్ తర్వాత కౌన్సెలింగులో తనకి ఇంజనీరింగ్ సీటొచ్చింది. చేరలేదు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చేసి, ఇప్పుడు ఇబ్రహీంపట్నం వైపు ఒక ఫ్యాక్టరీలో మోటార్లు బాగుచేస్తోంది. పెళ్లికొడుకు బీటెక్. అతనికి పిల్ల నచ్చింది, పిల్ల చేసే పనీ నచ్చింది. గొడవంతా మా ఇంట్లోనే.

గొడవకి పెద్ద మా అన్నయ్య. ఆటోనగర్లో లారీల షెడ్డు నడుపుతాడు. ఆదివారం చర్చి అయ్యాక గుణదలలో మా ఇంటికే భోజనానికొస్తాడు. పప్పు కలుపుకుంటూ మొదలెడతాడు: "పనోళ్లు దొరకట్లేదమ్మా. వైరింగ్ తెలిసినోడు ఒక్కడూ లేడు. అందరికీ డిగ్రీలే కావాలి." తన కొడుకుని మాత్రం ఇంజనీరింగ్‌లో చేర్పించాడు. షెడ్డు గుమ్మం తొక్కనివ్వలేదు.

ఆ ఆదివారం ప్రెస్సువాళ్లు కార్డు నమూనా ఫోన్‌కి పంపారు. అబ్బాయి పేరు పక్కన బీటెక్ ఉంది. మా అమ్మాయి పేరు పక్కన ఏం వెయ్యాలో చెప్పమని ఖాళీ వదిలారు.

"బీటెక్ అనే వేయించు. బ్రాకెట్లో డిస్కంటిన్యూడ్ అని పెడితే సరిపోద్ది," అన్నాడు అన్నయ్య.

"చేరితేగా మానెయ్యడానికి!"

"సీటొచ్చిందా లేదా? మేనమామని, ఆటోనగరంతా కార్డులు పంచాల్సింది నేను. ఐటీఐ అని చూస్తే, మార్కులు రాలేదేమో అనుకుంటారే."

నాకు ఒళ్లు మండింది. అయినా గట్టిగా కాదనలేకపోయాను. "పాపం, సీటు రాలేదా?" అని వీధిలో అడిగినప్పుడల్లా ఎంత చిన్నబోయానో నాకే తెలుసు. చదువుకుంటే పనొస్తుందని పిల్లలకి చెబుతాం. పని నేర్చుకున్న పిల్లని మాత్రం చదువుకోనివాళ్లలో కలిపేస్తాం. ఆ ఖాళీలో అబద్ధం వేయిస్తే, తను కోరి ఎంచుకున్నదానికి కన్నతల్లే సిగ్గుపడిందని అమ్మాయి అనుకుంటుంది. నా భయమంతా అదే.

అమ్మాయి మజ్జిగ గిన్నె తెచ్చి మా మధ్యన పెట్టింది. అంతా విన్నట్టుంది. కోపమేమీ లేదు గొంతులో.

"మావయ్యా, మనుషులు దొరకట్లేదని ప్రతివారం అంటావుగా. దొరికినదాన్ని ఇట్టా దాచేస్తే ఎట్టా?"

అన్నయ్య మజ్జిగ పోయించుకుని తిన్నాడు. చెయ్యి కడుక్కొచ్చి, ప్రెస్సుకి తనే ఫోన్ చేశాడు.

"అమ్మాయి పేరు పక్కన ఐటీఐ అని వెయ్యండి. ఎలక్ట్రీషియన్ అని కూడా. ఆఁ... బీటెక్ ఎంత సైజులో వేశారో, ఇదీ అంతే సైజులో ఉండాలండీ. తగ్గించొద్దు."