గ్రహణం పూట దొంగ

చందమామ మీకు మామ అయితే కావచ్చు. ఉత్తర ధ్రువం దగ్గరి మంచు పల్లె సియొరాపలుక్‌లో మాత్రం దొంగ. గ్రహణం పట్టిందంటే దీపం ఆర్పేసి కిందికి దిగాడనే లెక్క. ఇంటింటికీ దూరి తోళ్ళూ తిండీ ఎత్తుకుపోతాడట. అందుకే ఆ పూట గిన్నెలు వాయించి తరుముతారు.

ఈ సంగతి తుకుమ్మెక్‌కు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. పెళ్ళయిన నలభై ఏళ్ళలో ఎన్ని గ్రహణాలు పట్టాయో అన్నిసార్లూ ఆమె దాచిన తిండిలో మంచి పిట్ట మాయమైంది. అడిగితే మొగుడు మితెక్, "చంద్రుడు తినేశాడే, నేనేం చెయ్యను?" అనేవాడు, మూతికంటిన ఈక కూడా తుడుచుకోకుండా.

"ఏమయ్యోయ్! నీ చంద్రుడికి మీసాలు కూడా ఉన్నాయా?" అని ఆమె గరిటె అందుకునేది. ఇది మూడో మనిషి చెవిన పడలేదు. పేరుమోసిన వేటగాడు సొంత ఇంట్లో దొంగ అంటే పరువేం కావాలి!

నాలుగేళ్ళ కిందట మితెక్ పోయాడు. నెల తిరక్కుండా కూతురు నివికి ఆడపిల్ల పుట్టింది. తాత పేరే పెట్టారు. పేరుకు ఆడా మగా పట్టింపేమిటి, పేరు పెడితే పోయిన మనిషి తిరిగొచ్చినట్టే. దాంతో డెబ్బై రెండేళ్ళ తుకుమ్మెక్ ఆ పిల్లను మొగుడిగా గౌరవించాల్సి వచ్చింది.

"ఏమండీ, ముక్కు తుడుచుకోండి. ఏమండీ, మళ్ళీ లాగు తడిపారా?"

ఒక్క మాట తిట్టకూడదు. లోపల పెద్దమనిషి ఉన్నాడాయె. కానీ నిజం మొగుణ్ణి ఆమె ఏనాడూ 'ఏమండీ' అనలేదు. 'ఏమయ్యోయ్' అందామని నోరు తెరిస్తే 'ఏమండీ' అనే వచ్చేది. వచ్చాడా, రాలేదా? నాలుగేళ్ళుగా ఆ చిన్న మొహంలో వెతుకుతూనే ఉంది. ఆ పిల్లేమో పొగాకు వాసనకు తుమ్ముతుంది, కుక్కల్ని చూస్తే దాక్కుంటుంది. ఇదా ఆయన వాలకం?

పుండు మీద కారం చల్లినట్టు, గ్రహణం చూడటానికని పక్క ఊరు ఖానాక్ నుంచి కుక్కల బండి మీద ఆడపడుచు ఇనాలుక్ దిగింది. ఆమె మనవడికీ మితెక్ పేరే పెట్టారు.

"మావాడు గురకపెడితే అచ్చం మా అన్నే, వదినా! ఇంటికప్పు లేచిపోతుందనుకో. మరి మీ పిల్లలో ఏముందీ?"

"ఉంటుందిలే. అన్నీ నీకు చూపించాలా?"

"నీ నోటికి జడిసి మా ఇంటికొచ్చేశాడేమో!"

తుకుమ్మెక్ పైకి నవ్వింది. లోపల భగ్గుమంది. మొగుడు వేరే ఊళ్ళో, ఈ మనిషి ఇంట్లో గురకపెడుతున్నాడంటే ఆమెకు ఏడుపొచ్చింది.

డిసెంబరు కదా, సూర్యుడు మొహం చూపించి రెండు నెలలు కావస్తోంది, పగలూ చీకటే, చంద్రుడు ఆకాశంలోనే. గ్రహణం మిట్టమధ్యాహ్నం పట్టింది. ఊరి వెనక కొండ అడ్డమని నలభై మందీ గడ్డకట్టిన సముద్రం మీదికి నడిచారు. గ్రహణం విడిచాక విందుకని తుకుమ్మెక్ అప్పటికే కివియాక్ సంచి విప్పింది. వేసవిలో ఈకలతో సహా సీల్ జంతువు తోలులో కూరి, రాళ్ళ కింద మాగబెట్టిన పిట్టలవి. పన్నెండు తీసి వసారాలో పలక మీద పరిచి, పిల్ల చెయ్యి పట్టుకుని బయల్దేరింది.

చంద్రుడు అంచునుంచి తరుగుతూ తరుగుతూ చివరికి రాగి చెంబులా ఎర్రబడ్డాడు. ఒక్కసారిగా గిన్నెలూ డబ్బాలూ మోగాయి, కుక్కలు ఊళలందుకున్నాయి. తుకుమ్మెక్ నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది. తీరా చూసుకుంటే చేతిలో పిల్ల చెయ్యి లేదు. ఖాళీ తొడుగు ఉంది.

"అమ్మో!" అంటూ ఇంటివైపు పరుగుపెట్టింది. ఆ మోకాళ్ళతో అంత పరుగు ఎలా తీసిందో ఆమెకే తెలియదు.

పిల్ల వసారాలో గుమ్మం పక్కనే కూర్చునుంది. పలక మీద పదకొండే ఉన్నాయి. అన్నిట్లోకీ లావుపాటిది లేదు.

"ఏమండీ, పిట్ట ఏదీ?"

పిల్ల కన్నార్పకుండా చూసింది. పెదవి మీద నల్లటి ఈక.

"చంద్రుడు తినేశాడే," అంది. "నేనేం చెయ్యను?"

 ఆ మాట దీనికి ఎవరు నేర్పారు? నేర్పడానికి ఎవరున్నారు?

"ఏమయ్యోయ్!" కేక సముద్రం దాకా వినబడింది. "దొంగ సచ్చినోడా! నాలుగేళ్ళు ఏడిపించి ఇప్పుడా రావడం? మూతి తుడుచుకోవడం ఈ జన్మలోనైనా నేర్చుకోవా?" అంటూ గరిటె కోసం వెతికింది. కళ్ళ నిండా నీళ్ళు, గరిటె కనబడితేగా! పిల్ల పడీ పడీ నవ్వింది.

ఇనాలుక్ రొప్పుతూ వచ్చింది. "అయ్యయ్యో, మా అన్న పేరున్న పిల్లను తిడతావా వదినా! ఏం చేసిందనీ?"

"మొగుడూ పెళ్ళాల మధ్య నీకేం పనే? వెళ్ళి గిన్నె వాయించుకో!"

గ్రహణం విడిచింది. పలక మీద పది పిట్టలే ఉన్నాయేమని నివి అడిగితే, తుకుమ్మెక్ గడ్డానికంటిన ఈక తుడుచుకోకుండానే చంద్రుడి వైపు చెయ్యి చూపించింది.