రిలీజ్ అన్న మాట

పాలకోడు సంత దారిలో ట్రాక్టర్ల మీంచి జారిపడిన టమాటాలు చక్రాల కింద నలిగి ఎండకు పులిసిపోతుంటాయి. మొన్న బస్సు కిటికీలోంచి ఆ వాసన తగలగానే నాకు భగ్గుమని కోపం వచ్చింది. టమాటా వాసనకు ఎవరికైనా కోపమొస్తుందా? నాకొస్తుంది. ఆ వాసనతో సులోచనక్క గుర్తొస్తుంది. ఆమెను ఇంటికి పంపిన పెద్దమనిషి మాటలూ గుర్తొస్తాయి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, డిగ్రీ అయిన వెంటనే, తమిళనాడులోని ధర్మపురి దగ్గర టమాటా గుజ్జు తీసే ఒక ఫ్యాక్టరీలో ఆఫీసు పనికి చేరాను. పండ్లు ఏరే ఆడవాళ్లందరి మీదా సులోచనక్క సూపర్‌వైజరు. నాకూ ఆమే పై మనిషి. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం మాట్లాడే మాలాంటి కుటుంబమే ఆమెదీ. మనిషి గట్టిది, గొంతు ఇంకా గట్టిది. మేనేజరు మాత్రం చెన్నై నుంచి వచ్చినవాడు. ఆయన నోట ఏదీ దాని సొంత పేరుతో వచ్చేది కాదు. కూలీలు ‘టీమ్ మెంబర్లు’. పండగపూట కూడా పనికి రమ్మంటే అది ‘కమిట్‌మెంట్’. ఒకరోజు నీళ్ల మోటారు కాలిపోతే అక్క వెళ్లి ప్రాబ్లం వచ్చిందని చెప్పింది.

“ప్రాబ్లం అనకూడదమ్మా, చాలెంజ్ అనాలి” అన్నాడు మేనేజరు.

“సరి సార్, చాలెంజనే అంటాను. అట్లంటే మోటారు తిరుగుతాదా?” అంది అక్క.

నేను నవ్వు ఆపుకోలేక బయటికి పరుగెత్తాను. అక్క వెనకాలే వచ్చి కసిరింది. “నవ్వేదానికి ఏముంది? ఆ మాటలు ఊరికే రావు పాపా. చెప్పాల్సింది చెప్పకుండా తప్పించుకునేదానికే వస్తాయి.” మోటారు గురించి అంత కోపమెందుకని ఆ రోజు నాకు ఆశ్చర్యం వేసింది.

కొన్నాళ్లకు కంపెనీవాళ్లు కెమెరాలు తెచ్చి, ఆడవాళ్లకు కొత్త టోపీలు పెట్టి, వాళ్లు పండ్లు ఏరుతుంటే ప్రకటన కోసం సినిమా తీసుకుపోయారు. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం అందరినీ షెడ్డులో కూర్చోబెట్టారు. మేనేజరు మైకు పట్టుకుని నవ్వుతూ తమిళమూ ఇంగ్లీషూ కలిపి మొదలుపెట్టాడు. కంపెనీలో ట్రాన్స్‌ఫర్మేషన్ జరుగుతోందట. మనమంతా ఒకే ఫ్యామిలీ అట. రేపటినుంచి టీమ్ మెంబర్లందరినీ రిలీజ్ చేస్తున్నారట.

రిలీజ్ అన్న మాట మావాళ్లకు సినిమాతోనే పరిచయం. సినిమాను అక్కడ పడం అంటారు. ముందు వరసలో కూర్చున్న మునెమ్మ పక్కామెను మోచేత్తో పొడిచింది. “మన పడం రిలీజ్ అయితాదంట! ధర్మపురిలో ఏ టాకీసులో వేస్తారో అడుగే!”

షెడ్డంతా చప్పట్లు. పని పోయినందుకు వాళ్లే చప్పట్లు కొట్టారు! ఆయన ఆ చప్పట్లకు దణ్ణం కూడా పెట్టాడు, సిగ్గులేని మనిషి. వాళ్లు తప్పుగా అర్థం చేసుకున్నారని ఆయనకు తెలుసు. తెలిసే ఊరుకున్నాడు.

సరిగ్గా ఆ సాయంత్రమే చెరుకు కోతకు మనుషుల్ని మాట్లాడుకోవడానికి ఒక మేస్త్రి వస్తున్నాడు. ఆ పూట ఒప్పుకోకపోతే కోతలు ముగిసేదాకా వాళ్లకు ఇంకెక్కడా పని దొరకదు. ఫ్యాక్టరీ ఉంది కదా అనే ధీమాతో వీళ్లెవరికీ అతని దగ్గరికి పోయే ఆలోచనే లేదు.

సులోచనక్క లేచి నిలబడింది. మైకు కూడా అడగలేదు.

“ఏయ్, ఆపండే చప్పట్లు! పడమూ లేదు గిడమూ లేదు. మిమ్మల్ని పనిలోంచి తీసేసినారు. రేపు రావాకండి, గేటు తెరవరు. ఇప్పుడే పోయి మేస్త్రిని పట్టుకోండి!”

“నిజమా అక్కా?” అంది మునెమ్మ.

“నిజమే. లెయ్యి.”

అంతకుముందు అక్కను మాత్రం ఉంచుకుంటామని చెప్పారు. ఆ గంటలోనే ఆమెనూ తీసేశారు. కారణం ఏం చెప్పాడో తెలుసా ఆ మహానుభావుడు? “నీకు కమ్యూనికేషన్ స్కిల్స్ లేవమ్మా” అన్నాడు! నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్ల తర్వాత ఇది రాస్తుంటే ఇప్పుడూ మండుతోంది. వాని నోట్లో మన్నుపడా అని నేను శాపనార్థాలు పెడుతుంటే, అక్క తన సంచి సర్దుకుంటూ, “తిట్టింది చాల్లే పాపా. వాళ్లు మేస్త్రి దగ్గరికి పోయినారా లేదా, అది చూసిరా పో” అంది. వెళ్లి చూశాను. మునెమ్మ అందరికంటే ముందు నిలబడి, ఏడుస్తూనే తన పేరు చెబుతోంది.

ఇప్పుడు నేను హోసూరులో ఇంకో కంపెనీలో ఉన్నాను. పోయిన నెల మా దగ్గర ఊడ్చేవాళ్లను తీసేస్తూ, “సాఫ్ట్‌గా చెప్పండి మేడమ్, ట్రాన్సిషన్ అనండి చాలు” అని పైనుంచి ఫోను. నేను కిందికి దిగి వాళ్ల ఎదురుగా నిలబడ్డాను. “ఈ నెలాఖరు తర్వాత మీకు ఇక్కడ పని లేదు. మిమ్మల్ని తీసేస్తున్నారు. ఇవాళే ఇంకో చోట అడగండి” అన్నాను. వాళ్లలో ఒక పెద్దామె చీపురు నేలకేసి కొట్టి, నన్నూ నా కంపెనీనీ కలిపి నోటికొచ్చినట్టు తిట్టింది. ఆమె అన్న ప్రతి మాటా నాకు అర్థమైంది. ఆమె ముగించేదాకా నేను అక్కడినుంచి కదలలేదు.