కాకిబంగారం గోడలు

గూడూరు జయరామయ్య గారికి హోటలు ఉండేది గానీ, తిండి మీద ధ్యాస ఉండేది కాదు. ఆయన ధ్యాసంతా దీపాల మీదే. ఇడ్లీ తిన్న మనిషి చెయ్యి కడుక్కుంటుంటే పక్కకొచ్చి నిలబడి, "ఎట్టుంది?" అని అడిగేవాడు.

"మెత్తగా ఉండాది సామీ, దూది మాదిరి."

"ఇడ్లీ సంగతి ఎవరడిగినారబ్బా? వెలుతురు ఎట్టుంది?"

కొత్తవాళ్ళు నోరు తెరిచి పైకప్పు చూసేవాళ్ళు. పాతవాళ్ళు మాత్రం కూర్చోగానే, "వెలుతురు బ్రహ్మాండం అన్నా!" అని కేకేసేవాళ్ళు. అలా అన్నవాడికి అడగకుండానే ఇంకో గరిటె చట్నీ పడేది. ఆయన వ్యాపార రహస్యం మొత్తం అదే.

నేను వైర్‌మ్యాన్‌ని, పేరు ఓబయ్య. దీపం ఆరిపోతే ఊరంతా నన్ను పిలిచేది. జయరామయ్య గారు మాత్రం దీపం శుభ్రంగా వెలుగుతున్నప్పుడు పిలిచేవాడు.

"ఓబయ్యా, ఆ మూల బల్బు జానెడు కిందికి దించు."

"నిన్ననే కదన్నా పైకెత్తించినావు?"

"నిన్న తప్పు చేసినాం."

అలా దించీ దించీ, లేచిన ప్రతివాడి తలా బల్బుకు కొట్టుకునేది. నెత్తి మీద బొప్పితో ఎవరైనా ఆస్పత్రికి వెళితే కాంపౌండరు చూడకుండానే, "జయరామయ్య హోటలా?" అని అడిగి మందు రాసేవాడు.

ఇంతవరకైతే సహించవచ్చు. అరవైల మొదట్లో ఆయనకు మైకా పిచ్చి పట్టింది. మైకా అంటే అభ్రకం, మా అమ్మమ్మ కాకిబంగారం అనేది. మా ఊళ్ళో మైకా షెడ్లకు కొదవ లేదు. గనుల నుంచి వచ్చిన మైకాను కూలోళ్ళు పొరలు పొరలుగా చీల్చేవాళ్ళు, మిగిలిన తుక్కు బయట పోసేవాళ్ళు. ఈయన ఆ తుక్కు తెప్పించి, దంచించి, సున్నంలో కలిపి గోడలన్నిటికీ కొట్టించాడు. పెద్ద రేకులు ఏరి, తీగతో కట్టించి, ప్రతి బల్బుకీ గొడుగు పెట్టించాడు. దీపాలు వేస్తే హోటలు హోటలంతా పెళ్ళికూతురు చీరలా తళతళలాడేది. చూడ్డానికి బాగానే ఉండేది, కాదనను. గోడకు ఆనుకుంటేనే వచ్చింది తంటా. వీపంతా తళుకే.

అది చాలదన్నట్టు ఆయన భుజాన ఒక తువ్వాలు. మనిషి వచ్చి కూర్చోగానే, ప్లేటు రాకముందే, ఆ తువ్వాలుతో నెత్తి మీది గొడుగును ఛట్‌మని కొట్టేవాడు.

"ఏందన్నా ఇది?"

"దుమ్ము దులుపుతుండా."

"నా మీద రాలుతుండాది కదన్నా!"

"రాలనీ. వెలుతురే కదా రాలేది."

దాంతో ఆయన హోటల్లో తిన్న సంగతి దాచడం ఎవరి తరమూ కాకుండా పోయింది. శనివారం ఉపవాసమని చెప్పి ఊతప్పం తినిపోయిన మగాళ్ళంతా సాయంత్రానికల్లా ఇంట్లో దొరికిపోయేవాళ్ళు. మెడ మీదో, మీసంలోనో ఓ తళుకు మెరిసేది. ఊళ్ళో ఆడవాళ్ళకు మొగుళ్ళ కాలర్లు దీపం కింద పెట్టి చూడ్డం అలవాటైంది.

అలా దొరికిన వాళ్ళలో హజరత్తయ్య గారు ఒకరు. నిమ్మకాయల మండీ షావుకారు, ఆ హోటలు నడిచే బిల్డింగు ఆయనదే. ఆయనకు చక్కెర జబ్బు. భార్య రాఘవమ్మ గారు ఆలుగడ్డ బజ్జీనీ మైసూరుపాకునూ ఆయన బతుకులోంచి తీసేసింది. ఓ సాయంత్రం ఆయన చెవి మీద తళుకు దొరికింది. ఆ ఇంట్లో ఏం జరిగిందో తెలియదు గానీ, మర్నాడు పొద్దున్నే ఆయన హోటలు గుమ్మంలో నిలబడి ఊగిపోయాడు.

"జయరామయ్యా! నీ దీపాలతో నా కాపురానికి నిప్పంటిస్తుండావు. శుక్రవారం సాయంత్రానికి ఈ గోడలు గీకి తెల్లసున్నం కొట్టించు. స్టేషను కాడ కొత్త హోటల్లో మాదిరి ట్యూబులైట్లు పెట్టించు. లేకుంటే శనివారం పొద్దున నా తాళం పడతది!"

ఆయన అన్నంత పనీ చేసే మనిషి. జయరామయ్య గారికి ఆ హోటలు తప్ప ఇంకో ఆధారం లేదు, అందులో వంటవాళ్ళకూ లేదు. ఆ వారమంతా ఆయన ఎవరినీ వెలుతురు ఎట్టుందని అడగలేదు. చెయ్యి కడుక్కునే వాళ్ళే ఆయన అడుగుతాడేమోనని ఆగి ఆగి చూసి వెళ్ళిపోయేవాళ్ళు. అది చూస్తే నాకు భయమేసింది.

"ట్యూబులు పెట్టుకో అన్నా, పీడా పోతది. హోటలన్నా మిగల్తది" అన్నాను.

"నీకు తెల్దు ఓబయ్యా."

"తెలిసేట్టు చెప్పు మరి!"

"చెప్పేది కాదబ్బా."

నాకు ఒళ్ళు మండింది. "కాకిబంగారం కోసం ఉన్న హోటలు పోగొట్టుకుంటావా? నీకు మతి గానీ పోయిందా?" అని అరిచాను. ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

శుక్రవారం మధ్యాహ్నం హజరత్తయ్య గారు తన మనుషుల్ని పంపి ముందు హాలు గోడలు గీకించి, సున్నం కొట్టించారు. సాయంత్రం ఆయన పురమాయింపు మీద నేను బల్బులూ గొడుగులూ దించి ట్యూబు బిగిస్తున్నాను. జయరామయ్య గారు అడ్డం రాలేదు, సాయమూ పట్టలేదు. గల్లాపెట్టె ముందు కూర్చుని గోడ గడియారం చూస్తున్నాడు.

"ఓబయ్యా, సైరను కూసినాక ఒక గంట ఆగి వేద్దువులే."

"సైరనుకీ ట్యూబుకీ ఏం సంబంధమన్నా?"

ఆయన గడియారం మీంచి కళ్ళు తిప్పకుండానే ఎవరికో చిల్లర లెక్కపెట్టి ఇచ్చాడు.

అంతలో హజరత్తయ్య గారు వచ్చారు. పక్కన రాఘవమ్మ గారు. ఆయన్ను హోటలు లోపలికి ఒంటరిగా పంపడం ఇష్టం లేక తనే వచ్చినట్టుంది.

"ఇంకా వెయ్యలేదా? ఎయ్యి!" అన్నారు షావుకారు.

అప్పుడే మైకా షెడ్డు సైరను కూసింది. జయరామయ్య గారు లేచి నిలబడ్డాడు. నేను స్విచ్చి నొక్కాను. ట్యూబు మిణుకు మిణుకుమని కాసేపు ఏడిపించి, భగ్గున తెల్లగా వెలిగింది. హాలు ఆస్పత్రిలా అయిపోయింది. బెంచీల మీది మరకలు కూడా లెక్కపెట్టుకోవచ్చు.

"అదీ వెలుతురంటే!" అన్నారు హజరత్తయ్య గారు.

గుమ్మంలో పోలేరమ్మ కనిపించింది. షెడ్డులో మైకా చీల్చే పెద్దామె. పని దిగగానే తోటివాళ్ళతో వచ్చి ఇడ్లీ తిని పోయేది. రోజూ చూసే మనిషే. కానీ ఆ వేళే మొదటిసారి చూసినట్టయింది నాకు. పాపిట నుంచి గోళ్ళ దాకా ఆమె ఒళ్ళంతా మెరుస్తోంది. కనుబొమల్లో, ముడతల్లో, చీర కుచ్చిళ్ళలో అంతా మైకా. ఆ పని చేసేవాళ్ళకు అది ఎంత కడిగినా పోదు. గోడలు తెల్లగా, బోడిగా ఉన్నాయి. ఆ హాల్లో మెరిసేది ఆమె ఒక్కతే.

ఆమె వచ్చి బెంచీ చివర కూర్చుంది. రైలు కోసం ఆగిన ప్యాంటు మనిషి ఒకడు తన ప్లేటు చటుక్కున వెనక్కి లాక్కున్నాడు.

"ఏమయ్యా ఓనరూ! మైకా కూలోళ్ళను పక్కన కూర్చోబెడతారా ఇక్కడ? ఆ పొడంతా నా ఇడ్లీలో పడదూ? వాళ్ళకు బయట పెట్టు!"

పోలేరమ్మ కోప్పడలేదు. ఆశ్చర్యపోనూ లేదు. లేచి కొంగు సర్దుకుంది. "మెట్ల మీద తింటాలే సామీ. ఈ హోటలుకు రాకముందు యాడైనా అట్టనే కదా తిన్నాం" అంది. ఆమె వెనకవాళ్ళు గుమ్మం బయటే ఆగిపోయారు.

దంచిన మైకా, గొడుగులు, తువ్వాలు, సైరను మాట అన్నీ నాకు ఒక్క దెబ్బకు అర్థమయ్యాయి. అందరి మీదా తళుకుంటే ఎవరు కూలో, ఎవరు షావుకారో ఎవడు పోల్చగలడు? ఈ పిచ్చి మహానుభావుడు ఊరందరి నెత్తినా దులిపింది అందుకా!

జయరామయ్య గారు వచ్చి ప్యాంటు మనిషి ముందు నిలబడ్డాడు. "ఆయమ్మ ఈడనే తింటది సామీ. హోటలు రేపు ఉంటదో లేదో, ఈ పూటకైతే నాదే."

"ఆగు జయరామయ్యా, గిరాకీతో గొడవెందుకు?" అని హజరత్తయ్య గారు మధ్యలోకి వచ్చారు. సరిగ్గా ట్యూబు కిందికి.

ప్యాంటు మనిషి ఆయన్ను ఎగాదిగా చూశాడు. "నువ్వూ మైకా పనోడివేనా? చెవులు చూడు ఎట్టా మెరుస్తున్నాయో. నువ్వూ పో మెట్ల మీదికి!"

"నేనా? ఈ బిల్డింగే నాది!"

"అబ్బో! ఈ ఊళ్ళో మైకా పనోళ్ళు బిల్డింగులు కూడా కట్టిస్తున్నారన్నమాట!"

హాలంతా గొల్లుమంది. రాఘవమ్మ గారు ఒక్కరే నవ్వలేదు. దగ్గరకొచ్చి మొగుడి చెవిని వెలుతురులోకి తిప్పి చూశారు.

"పొద్దున తలంటు పోసినా కదా. మధ్యాహ్నం యాడికి పోయినారు?"

"గోడలు గీకుతుంటే చూద్దామని... ఈడికే..."

"చూసేదానికొచ్చి ఏం తిన్నారు?"

షావుకారు నేల చూశాడు. "బజ్జీ."

"ఎన్ని?"

దానికి ఆయన దగ్గర్నుంచి ఈ రోజుకీ జవాబు లేదు.

రాఘవమ్మ గారు వెళ్ళి పోలేరమ్మ చెయ్యి పట్టుకున్నారు. "యాడికే పొయ్యేది? కూర్చో. నేనూ నీ పక్కనే కూర్చుంటా." కూర్చున్నారు కూడా. తర్వాత నా వైపు తిరిగారు. "అబ్బయా, ఆ తెల్ల లైటు పీకెయ్యి. గోడలకు మళ్ళా మైకా కొట్టించండి."

"ఏమే, ఆ తళుకు..." అని నసిగారు హజరత్తయ్య గారు.

"ఆ తళుకే లేకుంటే మీరు యాడ తిన్నారో నాకెట్ట తెలిసేది? ఈ హోటలు ఈడనే ఉండాల, ఇట్టనే ఉండాల!"

అప్పీలు లేని తీర్పు అది. నేను ట్యూబు దించి మైకా గొడుగులు మళ్ళీ కట్టాను, ఎవరూ చెప్పకుండానే జానెడు కిందికి. గుమ్మం బయట ఆగినవాళ్ళు లోపలికొచ్చారు. ప్యాంటు మనిషి రైలుకు టైమైందని లేచి, తల బల్బుకు కొట్టుకున్నాడు. జయరామయ్య గారు ఎంతో మర్యాదగా, "దుమ్ముండాది సామీ" అంటూ తువ్వాలుతో గొడుగును ఛట్‌మని కొట్టాడు. అంత తళుకుతో ఆ మనిషి ఏ ఊళ్ళో దిగాడో, ఏ హోటలు మెట్ల మీద కూర్చున్నాడో నాకు తెలియదు.

పోలేరమ్మ తిని చెయ్యి కడుక్కుంటుంటే జయరామయ్య గారు పక్కకు వచ్చి నిలబడ్డాడు. వారం తర్వాత మళ్ళీ ఆ మాట విన్నాను.

"ఎట్టుంది?"

ఆమె హాలంతా ఓసారి చూసింది. రాఘవమ్మ గారి కొప్పు మెరుస్తోంది, నా చేతులు మెరుస్తున్నాయి. మూల బెంచీలో హజరత్తయ్య గారు చక్కెర లేని కాఫీ ముందు, నెత్తి నిండా తళుకుతో కూర్చుని ఉన్నారు.

"వెలుతురు బ్రహ్మాండం సామీ" అంది పోలేరమ్మ. "ఆ షావుకారు అచ్చం మా షెడ్డు మనిషి మాదిరే ఉండాడు."

కడిగిన చెయ్యి తుడుచుకోక ముందే ఆమె కోసం ఇంకో గరిటె చట్నీ వచ్చింది.